కొండల నడుమ ఒక జాతీయ పండుగ

ఉగాది సంచికలో ఫ్రాన్సు దేశపు పండుగ ప్రసక్తి ఎందుకని చదువరులు అనుకొనవచ్చును. సందేహం న్యాయమైనదే. కాని మన ప్రవాసాంధ్ర కుటుంబాలలో యానాం వారున్నారు. యానాంతో వియ్యమందిన వారున్నారు. 1954 వరకు ఫ్రెంచి జెండా క్రింద ఉన్న ఆ గోదావరి ఒడ్డు ఊరికి జూలై 14 సర్కారు వారి పండుగ. ఆ పండుగ ఎవరిది, ఎట్లు పుట్టినది, మన ఊరి వరకు వచ్చి మనకేమి ఇచ్చినది, ఏమి ఇవ్వక మిగుల్చుకొన్నది అని విచారించుటయే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

జూలై 14 అనగానే అందరూ పారిస్ నగరాన్ని, అక్కడి బాస్టిల్ కోటను తలచుకొందురు. కాని ఆ పండుగ మర్మం తెలియవలెనంటే పారిస్ కంటె మేలైన చోటు ఒకటి కలదు. అది కొండల మధ్య, ఏటి ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరు. పేరు విజీయ్.

ఊరు, ఏరు

ఫ్రాన్సు దేశానికి ఆగ్నేయ దిక్కున ఆల్ప్స్ పర్వతాలున్నవి. వాని పాదాన గ్రెనోబుల్ అను పట్టణం, దానికి దక్షిణంగా సుమారు పది మైళ్ల దూరంలో విజీయ్ ఉన్నవి. జనాభా ఏడెనిమిది వేలకు మించదు. పూర్వం ఈ ప్రాంతాన్ని దోఫినే రాష్ట్రం అనేవారు. ఊరి ప్రక్కన పారే నది రొమాంష్. అది మంచుకొండలలో పుట్టి, ఇరుకు లోయలలో ఉరుకులు వేసి, విజీయ్ దగ్గర కొంచెం వెడల్పైన నేల మీదికి దిగి, దిగువన ద్రాక్ నదిలో కలియును. మన శబరి గోదావరిలో కలిసినట్లు ద్రాక్ ఇజేర్‌లోను, ఇజేర్ రోన్ మహానదిలోను కలిసి చివరకు మధ్యధరా సముద్రం చేరును.

కొండ ఏరు చూచుటకు ముచ్చటగా ఉండును గాని, దానితో కాపురం సులభం కాదు. 1191లో ఎగువ లోయలో కొండచరియలు విరిగిపడి రొమాంష్ నదికి అడ్డుకట్ట పడినది. వెనుక పెద్ద సరస్సు ఏర్పడినది. 1219 సెప్టెంబరులో ఆ కట్ట తెగి, నీరు ఒక్కుమ్మడిగా దిగువకు వచ్చి గ్రెనోబుల్ వరకు ఊళ్లను ముంచివేసినది. ఆ లోయవారికి ఏటి కోపం ఎట్టిదో ఎనిమిది వందల ఏండ్ల నాడే తెలిసినది. గోదావరి వరదలు ఎరిగిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఊరి నడుమ ఒక పెద్ద కోట కలదు. 17వ శతాబ్దం ఆరంభంలో లెదిగియేర్ అను సేనాపతి దానిని కట్టించినాడు. కోట వెనుక విశాలమైన ఉద్యానవనం, నీటి కాలువలు, చుట్టూ ఎత్తైన కొండలు. ఈ కోట గోడల లోపల 1788లో జరిగిన ఒక సభయే మన కథకు కీలకం. ముందుగా, అటువంటి ఊళ్లలో పండుగ ఎట్లు జరుగునో చూతము.

పండుగ నాడు

ఫ్రాన్సులోని చిన్న ఊళ్లలో జూలై 14 వేడుక ఇంచుమించు ఒకే తీరున సాగును. కొన్ని ఊళ్లలో ముందునాటి సాయంకాలమే, అంటే 13వ తేదీనే, పండుగ మొదలగును. పిల్లలు కాగితపు దీపాలు కట్టెలకు తగిలించుకొని, పెద్దల చేయి పట్టుకొని, మేళం వెంట వీధులు తిరుగుదురు. అక్కడ వేసవిలో ప్రొద్దు చాల ఆలస్యంగా క్రుంకును. రాత్రి పది దాటితే గాని చక్కగా చీకటి పడదు. అంతవరకు పిల్లలు నిద్రపోరు, పెద్దలు పొమ్మనరు.

మరునాడు ప్రొద్దున ఊరి పురపాలక భవనం మీద నీలం, తెలుపు, ఎరుపు రంగుల జెండాలు. మేయరు తన భుజం మీదుగా అవే రంగుల పట్టీ ధరించి ఊరి స్మారక స్తంభం దగ్గరకు వచ్చును. 1914-18 యుద్ధంలో చనిపోయినవారి పేర్లు చెక్కిన ఇటువంటి స్తంభం లేని ఊరు ఫ్రాన్సులో బహు అరుదు. చిన్న ఊళ్లలో ఒకే ఇంటిపేరు రెండు మూడు సార్లు కనిపించును. అన్నదమ్ములో, పినతండ్రి బిడ్డలో అయి ఉందురు. పూలగుత్తి ఉంచి, ఒక నిమిషం మౌనం పాటించి, మార్సెయేజ్ గీతం వాయింతురు. మేయరు నాలుగు మాటలు మాట్లాడును. తరువాత ఊరందరికీ పురపాలక సంఘం వారి తరఫున ఒక్కొక్క గ్లాసు ద్రాక్షసారాయం.

మధ్యాహ్నం చెట్ల క్రింద బల్లలు వేసి భోజనాలు, ఇనుప గుండ్ల ఆట. రాత్రి బాణసంచా. ఆ పిమ్మట నృత్యం. చాల ఊళ్లలో ఈ నృత్య సభను నడిపేది అగ్నిమాపక దళం వారు. వారిలో ఎక్కువమంది జీతగాండ్రు కారు; తమ పనులు తాము చేసికొంటూ, ఆపద వచ్చినపుడు పరుగెత్తి వచ్చే ఊరివారే. వాన లేక కొండ అడవులు ఎండిపోయిన ఏడు నిప్పు భయం చేత బాణసంచా మానివేయుదురు. అప్పుడు పిల్లలు చిన్నబోవుట సహజం.

ఈ పండుగకు పురోహితుడు లేడు, నైవేద్యం లేదు, ముహూర్తం లేదు. అయినను మన ఊరి జాతరకు దీనికి ఒక పోలిక ఉన్నది. పండుగ ఖర్చు ఊరిది, పని ఊరిది, సంతోషం ఊరిది. ఈ పండుగ విజీయ్ వంటి ఊరికి రాజధాని నుండి వచ్చిన ఉత్తరువు మాత్రమే కాదు. దానికి తగిన కారణం చరిత్రలో కలదు.

పెంకుల నాడు

18వ శతాబ్దం చివర ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ ఖజానా వట్టిపోయినది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి చేసిన సహాయం అప్పులను ఇంకను పెంచినది. కొత్త పన్నులు వేయవలెనని మంత్రులు తలచినారు. నాటి ఫ్రాన్సులో పార్లమెంటు అనగా మన పార్లమెంటు వంటి శాసనసభ కాదు. అది రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానం. రాజశాసనాలను నమోదు చేసే అధికారం దానిదే. ఆ న్యాయస్థానాలు కొత్త శాసనాలకు అడ్డుపడగా, 1788 మే నెలలో రాజమంత్రులు వాని అధికారాన్ని ఊడబెరికినారు.

గ్రెనోబుల్ న్యాయమూర్తులను ఊరు విడిచి పొమ్మని ఆజ్ఞ వచ్చినది. జూన్ 7వ తేదీ శనివారం, సంత రోజు. సంతకు వచ్చిన ఆడవారు, పనివారు, కొండ పల్లెలవారు న్యాయమూర్తుల బండ్లను పోనీయలేదు. గంటలు మ్రోగించి జనాన్ని పోగుచేసినారు. సైనికులు వీధులలోకి దిగగా, జనం ఇండ్ల మీదికెక్కి పైకప్పు పెంకులు ఊడదీసి విసరినారు. సైనికులు కాల్పులు జరిపినారు. కొందరు ప్రాణాలు కోల్పోయినారు. చరిత్రలో ఆ దినానికి "పెంకుల నాడు" అను పేరు నిలిచిపోయినది. అది బాస్టిల్ పతనానికి పదమూడు నెలల ముందటి మాట.

తరువాత ఊరి పెద్దలు రాష్ట్ర ప్రతినిధుల సభ పిలువవలెనని తీర్మానించినారు. సైన్యం దిగియున్న గ్రెనోబుల్‌లో ఆ సభకు వీలు లేకపోయినది. అప్పుడు క్లోద్ పెరియే అను వర్తకుడు విజీయ్‌లోని తన కోటను సభకు ఇచ్చినాడు. 1788 జూలై 21న మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు కలిసి దాదాపు ఐదు వందల మంది అక్కడ సమావేశమైనారు. ఉదయం మొదలైన సభ అర్ధరాత్రి దాటిన తరువాత గాని ముగియలేదు. మూనియే అను న్యాయాధికారి కార్యదర్శి. యువకుడైన బార్నావ్ అను న్యాయవాది ముఖ్యులలో ఒకడు.

వారు కోరినవి స్వల్పమైన కోరికలు కావు. దేశ ప్రతినిధుల మహాసభను పిలువవలెను. వారి సమ్మతి లేనిదే పన్ను వేయరాదు. సభలో సామాన్యుల సంఖ్య తక్కిన రెండు వర్గాల మొత్తం సంఖ్యతో సమానం కావలెను. అన్నింటికంటె ముఖ్యం, ఓట్లు వర్గానికొకటి చొప్పున కాక తలకొకటి చొప్పున లెక్కింపవలెను. మరొక సంగతి కూడ చెప్పుకొనవలెను. వారు తమ రాష్ట్రానికి మాత్రమే మేలు కోరలేదు. తక్కిన రాష్ట్రాలన్నింటితో కలిసి నడువవలెనని కోరినారు. మూడు వారాలు తిరుగక మునుపే, ఆగస్టు 8న, మహాసభను మరుసటి సంవత్సరం మే నెలలో జరుపుదునని రాజు ప్రకటింపక తప్పలేదు.

"తలకొక ఓటు" అన్న ఈ మాటను చదువరులు గుర్తుంచుకొన ప్రార్థన. ముందు దీనితో పని ఉన్నది.

కోటలో అద్దకశాల

కోటను సభకు ఇచ్చిన క్లోద్ పెరియే ప్రభు వంశీయుడు కాడు. అతడు 1780లో ఆ కోటను కొన్నాడు. అక్కడ అతడు నడిపినది అద్దకం బట్టల కర్మాగారం. ఆ బట్టలను ఫ్రెంచివారు ఏమని పిలిచేవారో తెలిసినచో మనవారికి ఆశ్చర్యం కలుగును. వాని పేరు "ఇండియెన్", అనగా హిందూదేశపు గుడ్డలు.

ఆ పేరు ఊరక రాలేదు. 17వ శతాబ్దంలో మన కోరమండల్ తీరం నుండి పూల అద్దకాల నూలు బట్టలు ఓడలలో ఐరోపాకు పోయేవి. బందరు ఆ వ్యాపారానికి పేరుపడిన రేవు. ఫ్రెంచివారు 1669లోనే బందరులో కోఠీ పెట్టినారు. మన అద్దకం గుడ్డ ఎన్ని సార్లు ఉతికినను రంగు వెలిసేది కాదు. కరక్కాయ, పాలు, పటిక, చిరివేరు అను వేరు నుండి తీసే ఎరుపు, ఇనుము ఊరవేసి చేసే నలుపు, వీనితో మన అద్దకపువారు చేసిన పని ఐరోపాలో ఎవరికీ చేతకాలేదు. ఆ బట్టల మోజు ఎంత పెరిగినదంటే, తమ నేతగాండ్రకు నష్టమని ఫ్రాన్సు రాజు 1686లో వానిని నిషేధించినాడు. ఆ నిషేధం 1759 వరకు నిలిచినది. అయినను జనం కట్టుట మానలేదు.

ఈ లోపల మన పని రహస్యాలు ఫ్రాన్సుకు చేరినవి. 1742లో కేర్దూ అను జెసూట్ మతగురువు మన తీరంలో అద్దకం చేసే విధానమంతా వివరించి స్వదేశానికి లేఖ వ్రాసినాడు. ఈయన తెలుగు నేర్చి, నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతానికి లాటిన్, గ్రీకు భాషలతో గల చుట్టరికాన్ని ముందుగా గుర్తించిన వారిలో ఒకడు. నిషేధం తొలగిన తరువాత ఫ్రాన్సులో అనేక చోట్ల అద్దకశాలలు వెలసినవి. ఏ అద్దకానికైనా పారే నీరు కావలెను. కృష్ణ ఒడ్డున అయినా, రొమాంష్ ఒడ్డున అయినా అంతే.

కనుక 1788లో ఆ కోటలో స్వేచ్ఛను గూర్చి మాట్లాడిన వారికి చోటిచ్చిన ధనం, మన తీరపు పనితనాన్ని చూచి నేర్చిన వ్యాపారంలో గడించిన ధనంలో భాగమని చెప్పవచ్చును. పెరియే తరువాత ఫ్రాన్సు బ్యాంకు స్థాపకులలో ఒకడైనాడు. అతని కుమారుడు కాజిమీర్ పెరియే 1831లో ప్రధానమంత్రి అయినాడు. ముని మనుమడు 1894లో దేశాధ్యక్షుడైనాడు. పని నేర్పిన మన అద్దకపువారి పేర్లు మాత్రం ఏ గ్రంథానికీ ఎక్కలేదు. తరువాతి కాలంలో ఐరోపా యంత్రాల అద్దకం వచ్చి వారి బ్రతుకు తెరువునే దెబ్బతీసినది.

తేదీ ఎట్లు పండుగ అయినది

1789 జూలై 14న పారిస్ ప్రజలు బాస్టిల్ కోటను పట్టుకొన్నారు. నాడు అందులో ఉన్న ఖైదీలు ఏడుగురే. కోట పడిపోయినదన్న వార్తయే ప్రధానం.

ఆ ఏడు నవంబరు 29న దోఫినేలో, రోన్ ఒడ్డున ఉన్న ఎత్వాల్ అను చిన్న ఊరి దగ్గర, రెండు రాష్ట్రాల ప్రజా రక్షక దళాలవారు పన్నెండు వేల మంది కూడి, ఒకరికొకరు తోడుగా నిలుతుమని ప్రమాణం చేసినారు. దానిని చూచి తక్కిన ఊళ్లు కూడ అట్టి ప్రమాణాలు చేసినవి. చివరకు 1790 జూలై 14న పారిస్‌లో దేశమంతటి ప్రమాణోత్సవం జరిగినది. అనగా పండుగ చిన్న ఊళ్ల నుండి రాజధానికి నడిచిపోయినది; రాజధానిలో పుట్టి ఊళ్లకు రాలేదు.

ఆ పైన రాజులు, చక్రవర్తులు మరల వచ్చినారు, పండుగ అణగారినది. 1880 జూలై 6న వచ్చిన శాసనంతో జూలై 14 జాతీయ పండుగ అయినది. ఆ శాసనంలో ఏ సంవత్సరపు జూలై 14 అన్నది వ్రాయలేదు. రక్తం చిందిన 1789ని తలచేవారు దానిని తలచుకొనవచ్చును. ఐకమత్యాన్ని కోరేవారు 1790ని తలచుకొనవచ్చును. చాల తెలివైన ఏర్పాటు.

విజీయ్ వారికి మరొక తేదీ కూడ ఉన్నది. 1888 జూలైలో తమ సభకు నూరేండ్లు నిండగా వారు ఉత్సవం చేసినారు. దేశాధ్యక్షుడు సాదీ కార్నో స్వయంగా వచ్చినాడు. హెన్రీ డింగ్ అను శిల్పి చేసిన స్మారక విగ్రహం ఊరిలో వెలసినది. 1984లో కోటలో ఫ్రెంచి విప్లవ ప్రదర్శనశాల తెరచినారు. కొండల నడుమ చిన్న ఊరు తన తేదీని విడిచిపెట్టలేదు.

యానాంలో ఆ పండుగ

ఇక మన ఊరి సంగతి. గౌతమీ గోదావరి నుండి కోరంగి పాయ చీలే చోట ఉన్న యానాంలో ఫ్రెంచివారు 1723లో అడుగుపెట్టి, 1731 నాటికి స్థిరపడినారు. నడుమ ఆంగ్లేయులు పలుమార్లు పట్టుకొన్నను, నెపోలియన్ యుద్ధాల తరువాత తిరిగి ఇచ్చివేసినారు. చుట్టూ ఆంగ్లేయుల గోదావరి జిల్లా. నడుమ పన్నెండు చదరపు మైళ్లంత ఫ్రెంచి నేల. 1880 శాసనం తరువాత అక్కడ కూడ జూలై 14 పండుగ దినమైనది. స్వేచ్ఛ, సమత, సౌభ్రాత్రం అను మూడు మాటలు తెలుగువారి ఊరి కచేరీకి వచ్చినవి.

ఆ మాటలు వట్టివి అని త్రోసివేయుట న్యాయం కాదు. ఆంగ్లేయుల ఏలుబడిలోని మన జిల్లాలలో సామాన్యునికి ఓటు అన్న ఊసు లేని కాలంలో, ఫ్రెంచి ఇండియావారు పారిస్ శాసనసభకు ఒక ప్రతినిధిని పంపుకొన్నారు. ఇది నిజం. కాని ఆ ఓటు లెక్కించిన తీరు చూడవలెను. 19వ శతాబ్దం చివరి భాగం నుండి స్థానిక సభల ఎన్నికలలో ఓటర్లను జాబితాలుగా విభజించినారు. ఐరోపావారికి ఒక జాబితా. తమ ఆచార ధర్మాన్ని విడిచి ఫ్రెంచి చట్టాన్ని స్వీకరించినవారికి ఒకటి. తక్కిన ప్రజలందరికీ ఒకటి. కొద్దిమంది ఐరోపావారి జాబితాకు, వేలాది స్థానికుల జాబితాకు సరిసమానంగా స్థానాలు. ఈ జాబితాలు కొంత మారినను, రెండవ ప్రపంచ యుద్ధం ముగియు నాటికి గాని పోలేదు.

విజీయ్ కోటలో 1788లో కోరినదేమి? వర్గానికొక ఓటు వద్దు, తలకొక ఓటు కావలెనని. నూరేండ్ల తరువాత ఆ సభను గౌరవించి విగ్రహం నిలిపిన రిపబ్లిక్కే, అదే కాలంలో మన తీరాన వర్గాల లెక్కను నడిపినది. రొమాంష్ ఒడ్డున తప్పు అన్నది గోదావరి ఒడ్డున ఒప్పు అయినది. ఏటేటా జూలై 14న జెండా ఎగిరినది. కాని పండుగ మాట పూర్తిగా చెల్లలేదు.

చివరకు ఆ లెక్క మరొక విధంగా తేలినది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వాన స్వచ్ఛంద సేవకులు యానాంలో ప్రవేశించి భారత జెండా ఎగురవేసినారు. కనుక 1953 నాటిదే ఫ్రెంచి ఏలుబడిలో యానాం చూచిన చివరి జూలై 14. 1954 నవంబరు 1న ఫ్రెంచి స్థావరాలన్నింటి పరిపాలన భారత ప్రభుత్వానికి వచ్చినది. 1956 మేలో ఒప్పందం కుదిరినది. 1962 ఆగస్టు 16న అది పూర్తిగా అమలైనది. పుదుచ్చేరిలో మాత్రం ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన వారి కుటుంబాలు నేటికీ జూలై 14న యుద్ధ స్మారకం దగ్గర పూలు ఉంచుదురు. అందులో తప్పు లేదు. చనిపోయినవారిని తలచుకొనుట ఏ జెండా క్రిందనైనా మంచి పనియే.

మనకు చెందిన మాట

ఈ కథ నుండి ప్రవాసాంధ్రులమైన మనం గ్రహింపదగినది ఒకటి కలదు. పండుగను నిలబెట్టేది పెద్ద నగరం కాదు, ప్రభుత్వం కాదు. కాగితపు దీపం పట్టుకొని నడిచే పిల్లవాడు, బల్లలు మోసి వేసే ఊరివాడు, నిప్పంటితే పరుగెత్తి వచ్చే పొరుగువాడు నిలబెట్టుదురు. చుట్టూ కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో వినిపించే చోట మనం వేపపువ్వు వెదకి తెచ్చి, పంచాంగ శ్రవణం ఏర్పాటు చేసి, ఉగాది జరుపుకొనుట కూడ అట్టి పనియే. అట్లు జరుపుకొనునపుడు పండుగ చెప్పే మాట అందరికీ సమంగా చెల్లుచున్నదా అని మనలను మనం ప్రశ్నించుకొనవలెను. మన సంఘాలలో పాతగా స్థిరపడినవారు, కొత్తగా పనికై వచ్చినవారు అను జాబితాలు ఏర్పడకుండ చూచుకొనవలెను. పందిరి క్రింద కూడ తలకొక ఓటే న్యాయం, తలకొక విస్తరే న్యాయం.

మరొక విన్నపం. బందరు, పెడన ప్రాంతాల నుండి వచ్చిన అద్దకపు కుటుంబాలవారు, యానాం నుండి వచ్చినవారు మనలో ఉన్నచో, వారి ఇండ్ల పెద్దలు చెప్పిన మాటలను పిల్లల చేత వ్రాయించి భద్రపరచవలెను. పెరియే వంశం పేరు చరిత్రలో ఉన్నది. చిరివేరు ఎరుపు తీసినవాని పేరు లేదు. విజీయ్ వంటి చిన్న ఊరు రెండు వందల ఏండ్లకు పైగా తన ఒక్క దినపు మాటను కాపాడుకొన్నది. మన ఇండ్లలోని మాటలను రాబోయే ఉగాదికైనా మనం కాగితం మీద పెట్టలేమా?